పద్ధెనిమిదో గుమ్మం

ఏటి గట్టు విరిగి నీళ్ళలో పడే చప్పుడు ఎలా ఉంటుందో ఎప్పుడూ వినని వాళ్ళకి చెప్పడం కష్టం. ముందు కాస్త ఇసుక జారుతుంది. తరువాత ఒక్క క్షణం ఏమీ వినిపించదు. ఆపైన దబ్బుమంటుంది, కాళ్ళ కింద నేల ఒకసారి అదురుతుంది, పచ్చి మట్టి వాసన వంటింటి దాకా వచ్చేస్తుంది. మొన్న వరద తీశాక ఎవరో టీవీ వాళ్ళ అమ్మాయి మా ఇంటికి వచ్చి కూర్చున్నప్పుడే అలా విరిగింది. ఆ పిల్ల చేతిలో టీ సగం ఒలికిపోయింది. నేను రెండో గ్లాసులో టీ వడకడుతూనే ఉన్నాను. "ఇంత ప్రమాదంలో ఇంకా ఇక్కడే ఎందుకు ఉంటున్నారండీ?" అని మైకు నా మూతి దగ్గర పెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. భూకంపాలొచ్చే ఊళ్ళ వాళ్ళని ఎవరూ ఇలా అడగరు. అపార్టుమెంటు పదో అంతస్తులో ఉండేవాళ్ళని అసలే అడగరు. మమ్మల్నే అడుగుతారు, మేమేదో తప్పు చేస్తున్నట్టు. ఆ ప్రశ్నకి సరైన జవాబు చెప్పగల మనిషి మా నూకరత్నం అత్తయ్య. ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఆ అమ్మాయి మైకులో నాకు రెండు నిమిషాలే దొరికాయి గనక, మిగిలినది ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు జమ్మిలంక. గోదావరి పాయలుగా చీలి మళ్ళీ కలిసేలోపల మధ్యన మిగిలిన నేల. పడవ ఎక్కితే తప్ప రాలేరు. గట్టు వెంబడే ఒకే ఒక్క వీధి, నలభై చిల్లర గడపలు. వంగ, బెండ, కంద, అరటి పండిస్తాం. ఈ ఊరికి రాజులూ కోటలూ ఉన్న చరిత్ర లేదు. ఊరు జరిగిన చరిత్ర ఉంది. పెద్దవాళ్ళకి గుర్తున్నంత వరకు మా ఊరు నాలుగు చోట్ల ఉంది, నాలుగు చోట్లా ఇదే ఊరు. ఎండాకాలం నీళ్ళు లాగినప్పుడు పాయ మధ్యలో ఇసుక మీద మట్టి ఒరలు పైకి కనిపిస్తాయి. అవి మా తాతల నాటి నూతి ఒరలు. ప్రభుత్వం వారి పటంలో మా ఊరు ఇప్పటికీ అక్కడే ఉంటుంది, ఏటి నడిమధ్యన. ఆ పటం ముందు పెట్టుకుని "మీ ఊరు లేదు కదండీ" అన్న ఆఫీసర్లని కూడా చూశాను.

గట్టు ఇళ్ళ దగ్గరికి వచ్చేసిందనుకోండి, మేం ముందు ఊడదీసేది గుమ్మం. కప్పూ, గోడలూ, సామానూ అన్నీ తరువాతే. ఆ ద్వారబంధాన్ని ఆ ఇంటివాళ్ళు మొయ్యకూడదు. ఎడమ పక్కింటివాళ్ళొక కొస, కుడి పక్కింటివాళ్ళొక కొస పట్టుకుని కొత్త చోటికి తీసుకుపోవాలి. అక్కడ గోడలు లేవకముందే గడపకి పసుపు రాసి, బొట్లు పెట్టి, పాత వరుసలోనే నిలబెట్టాలి. రేవు నుంచి లెక్కపెడితే మొదటి ఇల్లు ఎక్కడికి జరిగినా మొదటి ఇల్లే. ఇరవయ్యో ఇల్లు ఇరవయ్యో ఇల్లే. నాలుగైదు రోజులపాటు బోడి నేల మీద వరసగా గుమ్మాలొక్కటే నిలబడి ఉంటాయి. చూసినవాళ్ళు మాకు మతి పోయిందనుకుంటారు. అనుకోనివ్వండి.

నేను ఈ ఊరి ఆడపిల్లని కాను. రాజమండ్రిలో డిగ్రీ చదివి, పెళ్ళయి ఇక్కడికి వచ్చాను. మాది పంతొమ్మిదో ఇల్లు. పద్ధెనిమిది నూకరత్నం అత్తయ్యది. మా ఆయన ఆవిడని పిన్నీ అని పిలిచేవారు, అలా నాకు అత్తయ్య అయింది. అప్పటికే భర్త పోయి, పిల్లలు లేక, అరెకరం వంగతోట ఒంటిచేత్తో చేసుకునేది. పొడుగు మనిషి. గొంతు పాయ అవతలికి వినిపించేది. కోపం వస్తే అరిచేది కాదు, మర్యాద పెంచేది. "ఆయ్, అలాగేనండి, తమరు చెప్పినట్టేనండి, కాస్త కూర్చోండి" అని వరసగా అండీలు పడుతున్నాయంటే ఎదుటివాడు లేచి వెళ్ళిపోవడమే మంచిది. నాకు మాత్రం ఒక్కసారి తప్ప ఎన్నడూ అండి అనలేదు. అందుకు నేను ఆవిడకి రుణపడి ఉన్నాను.

కాపురానికి వచ్చిన మూడో ఏడు మా వీధి వెనక్కి జరిగింది. గట్టు మా పెరట్లోకి వచ్చేసింది, వంటింటి గోడ పగిలింది, నేను కూర్చుని ఏడుస్తున్నాను. పుట్టింటికి వెళ్ళిపోదామని బట్టలు కూడా సర్దేశాను. అత్తయ్య వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఓదారుస్తుందనుకున్నాను. "లే. నా గుమ్మానికి కుడి కొస నువ్వు పట్టాలి" అంది.

"నా ఇల్లే పడిపోతుంటే మీ గుమ్మం మొయ్యమంటారేంటి అత్తయ్యా?"

"నీది నేను మోస్తానే. ఎవరిది వాళ్ళు మోసుకుంటే ఊరెందుకు? ఎవరి దారిన వాళ్ళు పోవచ్చు."

చేసేది లేక లేచాను. ఎడమ కొస పట్టడానికి పదిహేడో ఇంటి వెంకటలక్ష్మి వచ్చింది. నా ఈడుదే. మొగుడు పడవ నడిపేవాడు, నాలుగేళ్ళ కూతురుండేది. టేకు ద్వారబంధం, తడిసి ముద్దయి ఉంది, నేనెప్పుడూ అంత బరువు ఎత్తి ఎరగను. దారిలో నాలుగుచోట్ల దింపాను. "రాజమండ్రి చేతులు" అని వెంకటలక్ష్మి నవ్వింది. అంతలో నాకూ నవ్వొచ్చింది. ఆ సాయంత్రం నా గుమ్మం ఒక కొస అత్తయ్యా, ఇంకో కొస ఇరవయ్యో ఇంటివాళ్ళూ పట్టుకుని తెచ్చి నిలబెట్టారు. గోడల్లేని ఆ గుమ్మంలోంచి నేను లోపలికి అడుగుపెట్టాను. లోపల ఆకాశం తప్ప ఏమీ లేదు. అయినా అది నా ఇల్లని నాకు అప్పుడు అనిపించింది. సర్దిన బట్టలు మళ్ళీ విప్పేశాను.

మరుసటి ఏడాదే వెంకటలక్ష్మి మొగుడు జ్వరంతో పోయాడు. ఆమె కూతుర్ని కడియంలో నర్సరీ పని చేసుకునే అక్క దగ్గర వదిలి, ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. వెళ్ళే రోజు తలుపు దగ్గరగా వేసి అత్తయ్య చేతులు పట్టుకుంది. అత్తయ్య ఒకే మాట అంది: "వచ్చేటప్పటికి ఊరు ఎక్కడుంటుందో నేను చెప్పలేను. రేవు నుంచి పదిహేడు లెక్కపెట్టుకో." మొదట్లో ఫోన్లు వచ్చేవి. తరువాత తరువాత రాలేదు. కడియంలో అక్క వాళ్ళు కూడా ఎటో పనికి పోయారన్నారు. అత్తయ్య మాత్రం పండక్కి తన గడపకి పసుపు రాసిన చేత్తోనే ఆ గడపకీ రాసేది.

అలా ఎనిమిదేళ్ళు గడిచాయి. మళ్ళీ గట్టు దగ్గరికి వచ్చింది. ఈసారి వెనక్కి జరగడానికి మాకు సొంత నేల మిగల్లేదు. లంక మధ్యన ప్రభుత్వానిది కాస్త మెరక ఉంది. అది ఇమ్మని అడిగాం. ఆఫీసు వాళ్ళు, అవతలి గట్టున మూడు వేరువేరు ఊళ్ళలో ఇళ్ళ స్థలాలు ఇస్తాం, ఎవరికి ఎక్కడ వస్తే అక్కడికి పోండన్నారు. కొందరికి అక్కడ, కొందరికి ఇక్కడ. అంటే జమ్మిలంక అనే పేరు ఇక ఎవరూ పలకక్కర్లేదు. అత్తయ్య పడవెక్కి ఆఫీసుకి తిరగడం మొదలుపెట్టింది. ఎన్ని అండీలు ఖర్చుపెట్టిందో దేవుడికే తెలియాలి. పదకొండోసారికి ఆఫీసరు దిగొచ్చాడు. మెరక మీద ఇస్తానన్నాడు. ఇళ్ళవాళ్ళ పేర్లు వరసగా రాసి పంపమన్నాడు.

ఊళ్ళో చదువుకున్నదాన్ని నేనే గనక ఆ కాగితం నేనే రాశాను. ఇక్కడే నేను తప్పు చేశాను. పదిహేడో ఇంటి దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. మనిషి లేదు, కార్డు లేదు, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను. ఆ ఇల్లు వదిలేసి అత్తయ్య పేరు రాశాను, నలభై పేర్లు పూర్తిచేశాను, ఎవరికీ చూపించకుండా ఆఫీసులో ఇచ్చేసి వచ్చాను. ఇల్లు ఉంది, మనిషి పరదేశం వెళ్ళింది అని ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేదేమో. ఆ ముక్క రాయకపోవడం నేను ఇప్పటికీ నన్ను క్షమించుకోలేని విషయం.

మెరక మీద గుమ్మాలు నిలబెట్టిన మూడోరోజు ఆఫీసరు వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు, ఎండకి చెమటలు కక్కుతున్నాడు పాపం. చేతిలో నా కాగితం. వరస వెంట నడుస్తూ లెక్కపెట్టుకుంటూ వెళ్ళాడు, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"పేర్లు నలభై. గుమ్మాలు నలభై ఒకటి. ఈ పదిహేడోది ఎవరిది?"

"వెంకటలక్ష్మిదండి," అంది అత్తయ్య.

"కాగితంలో లేదు కదమ్మా. మనిషేది?"

"కువైట్‌లో ఉందండి. వస్తుందండి."

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. అది చూసి నాకు ఇంకా భయం వేసింది. "ఎవరూ లేని చోట గుమ్మం పాతి స్థలం అడిగితే దొంగ లెక్క అంటారమ్మా. పైవాళ్ళు నన్ను నిలదీస్తారు. రేపు పొద్దున వస్తాను. నలభై ఉంటే సంతకం పెడతాను. నలభై ఒకటి ఉంటే ఫైలు వెనక్కి పంపేస్తాను. అందరూ అవతలికి పోవాల్సిందే."

ఆయన పడవెక్కగానే ఊరంతా పశువుల పాక దగ్గర పోగయింది. ఎవరూ అత్తయ్య మొహం చూడటం లేదు. చివరికి మా ఆయనే నోరు విప్పారు. "పిన్నీ, ఎనిమిదేళ్ళయింది. ఉందో లేదో కూడా తెలీదు." తరువాత మాట్లాడింది నేను. అదీ నేనే. "ఒక్క గుమ్మం కోసం నలభై గడపలు పోగొట్టుకుంటామా అత్తయ్యా? తీసేద్దాం."

ఆవిడ నా వైపు తిరిగింది. "మీరు రాసేరు కదండీ కాగితం, తమరికి తెలియాలండి," అంది. నాకు ఆవిడ అండి అన్నది ఆ ఒక్కసారే. తరువాత అందరి వైపూ తిరిగింది. "ఇయ్యాళ లేని మనిషిది తీసేద్దాం. రేపు ముసలాళ్ళది తీస్తాం, ఎల్లుండి పేదోళ్ళది తీస్తాం. ఇంక ఏరు ఎందుకు? మనమే చాలు, ఊరు కోసెయ్యడానికి." అయినా గునపాలు సిద్ధం చేసుకునే విడిపోయారు. నేను ఆపలేదు.

తెల్లవారి ఇద్దరు మగవాళ్ళు గునపాలు తీసుకుని మెరక మీదికి వెళ్ళారు. వెనకే నేనూ వెళ్ళాను. పదిహేడో గుమ్మం నిలబడే ఉంది. పద్ధెనిమిదోది నేల మీద ఉంది. అత్తయ్య తన గుమ్మం తనే తవ్వి పడుకోబెట్టేసి, మోచేతుల దాకా మట్టితో పక్కన నిలబడి ఉంది.

"నలభై అయ్యేయి. ఇంక గునపాలు ఇంటికి తీసుకెళ్ళండి," అంది. తరువాత నాతో, "కుడి కొస పట్టవే. నాది నేను మొయ్యకూడదు."

ఎడమ కొస పట్టవలసిన మనిషి లేదు. ఎక్కడుందో కూడా మాలో ఎవరికీ తెలియదు. ఆ చోట ఎవరు నిలబడాలో తెలియక అందరూ అలాగే ఉండిపోయారు. కాసేపటికి మా ఆయన తలగుడ్డ విప్పి పక్కన పెట్టి, ఆ కొస ఎత్తారు. ఈసారి నేను ఎక్కడా దింపలేదు. కళ్ళు కనిపించనంతగా ఏడుస్తూ మోశాను. తీసుకెళ్ళి మా సామాను పక్కన ఆనించాం. ఆఫీసరు వచ్చి లెక్కపెట్టుకున్నాడు. పదిహేడో గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది. "ఇది మీదా అమ్మా?" అని అడిగాడు. "నాదేనండి," అంది. నాకు తెలిసి ఆవిడ ఆడిన అబద్ధం అదొక్కటే. పంతొమ్మిదికీ పదిహేడుకీ మధ్య మిగిలిన ఖాళీని ఆయన దారి అని గుర్తుపెట్టుకుని సంతకం చేశాడు. అప్పటి నుంచి కాగితాల్లో నా ఇంటి నెంబరు పద్ధెనిమిది. ఊళ్ళో ఎవరినైనా అడగండి, పంతొమ్మిది అనే చెబుతారు.

వెంకటలక్ష్మి గుమ్మం వెనక అత్తయ్య రెండు గదులు లేపుకుని ఐదేళ్ళు ఉంది. ఎవరైనా "నీ ఇల్లు బాగుంది" అంటే "నాది కాదండి, కాపలాకి ఉంటున్నాను" అనేది. వేళాకోళం చేసేవాళ్ళు చేశారు. మా ఆయన వాళ్ళమ్మగారు కూడా చేసేవారు. నేను చెయ్యలేకపోయేదాన్ని.

ఒక మధ్యాహ్నం నేను వీధి అరుగు మీద కంద చెక్కు తీస్తున్నాను. రేవు నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వస్తున్నారు. ఒకామె జుట్టు ముందు నెరిసిపోయింది, రెండో అమ్మాయికి పదిహేడు పద్ధెనిమిదేళ్ళుంటాయి, చేతిలో నర్సరీ మొక్కల సంచి. ఎవరినీ ఏమీ అడగడం లేదు. ఆ పెద్దామె ఒక్కో ఇంటి దగ్గరా వేలు మడుస్తూ వస్తోంది. ఆమె ఈ మెరక ఎప్పుడూ చూడలేదు. ఆమె వదిలి వెళ్ళిన వీధి ఏటి అడుగున ఉంది. పదిహేడో ఇంటి ముందు ఆగింది. ద్వారబంధం ఎడమ పక్కన, వాళ్ళాయన పడవ తెడ్డు ఆనించి ఆనించి అరిగిపోయిన చోట చెయ్యి పెట్టింది. అలాగే పెట్టి నిలబడిపోయింది. నేను కంద పక్కన పెట్టి లేచాను. లోపలి నుంచి అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"వచ్చేసేవా? పొయ్యి మీద పప్పుంది, మాడకుండా దించుకో. నా గిన్నెలు నేను తీసుకెళ్ళిపోతాను."

అంతే. పదమూడేళ్ళ తరువాత అన్న మాట అంతే. ఆ సాయంత్రమే నాలుగు గిన్నెలూ ఒక పెట్టె పట్టుకుని మా వసారాలోకి వచ్చేసింది, మేం పిలవక ముందే. కాగితం వెంకటలక్ష్మి పేరుకి మార్పించడానికి ఏడాదిన్నర తిరిగింది, నన్ను వెంటబెట్టుకుని. ఆ తిరుగుళ్ళలోనే నాకు ఆఫీసుల్లో కూర్చోవడం, అడిగిందే మళ్ళీ అడగడం, లేదంటే లేచిపోకపోవడం అలవాటయింది. పోయే వరకు ఆవిడ మా వసారాలోనే, తన గుమ్మం ఆనించిన గోడ పక్కనే పడుకుంది. ఒకసారి అడిగాను, మీకు బాధగా లేదా అని. "ఉంటుంది కదే. లేదంటానేంటి? నా గడప మీద కూర్చుని వక్కాకు వేసుకోవాలని నాకుండదా?" అని కసిరింది. గొప్ప త్యాగం చేసినట్టు ఆవిడ ఎన్నడూ మాట్లాడలేదు. కావలసినది పోగొట్టుకున్న మనిషిలాగే మాట్లాడింది. అందుకే నేను ఆవిడని దేవతని చెయ్యను. ఆవిడకి ఇల్లు ఉండాల్సింది. మేం లేకుండా చేశాం, నా కలంతో చేశాం.

ఈ ఏడు గట్టు మళ్ళీ మెరక దాకా వచ్చింది. మళ్ళీ జరగాలి. కొత్త ఆఫీసరు పేర్లు రాసివ్వమన్నారు. మళ్ళీ నేనే రాశాను. పదిహేడు, వెంకటలక్ష్మి. పద్ధెనిమిది, నూకరత్నం గారి ఇల్లు, ప్రస్తుతం ఉండేవారు లేరు, పట్టా అక్కర్లేదు, గుమ్మానికి చోటు కావాలి. పంతొమ్మిది, మేము. దాచింది ఏమీ లేదు, ఉన్నది ఉన్నట్టే రాశాను. ఆయన ఎర్ర కలంతో పద్ధెనిమిదోది కొట్టేసి, చనిపోయినవారికి స్థలం ఉండదమ్మా అన్నారు. ఇంటికి వచ్చి కొత్త కాగితం మీద మొత్తం మళ్ళీ రాసి తీసుకెళ్ళాను. మళ్ళీ కొట్టేశారు. వెంకటలక్ష్మి పడవ ఛార్జీ పెట్టుకుని నాతో వచ్చింది, ఎడమ కొస తనదేనని ఆయనకే చెప్పింది. ఆయనకి అర్థం కాలేదు, అర్థం కావాల్సిన పనీ లేదు. ఇప్పటికి మూడుసార్లు కొట్టేశారు. నాలుగో కాగితం నిన్న రాశాను. సోమవారం పడవకి వెళ్తున్నాం, ఈసారి నలభై గడపల వాళ్ళమూ.